బ్రేకరు బారు నెన్నుకొను విధము
(మంగళగిరి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు ప్రసంగించుటకు ఈ వేదికపై నాకంటె పెద్దలు పెక్కుమంది కలరు. ఆహ్వానసంఘమువారు నన్ను మాత్రము పనిముట్లను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరియున్నారు. వారి యాజ్ఞను శిరసావహించి, పనిముట్లన్నిటిని గూర్చి గాక ఒక్కదానిని గూర్చియే విన్నవింపదలచితిని. అది చూపునకు మిక్కిలి సామాన్యమైనది. దానికి పండ్లు లేవు, ధార లేదు, చక్రములు లేవు. ఒక పొడవైన యుక్కుకడ్డీ, దాని కొసను మడతబందువలె తిరుగు తల, ఆ తలకొక చదరపు మొన, అంతియే. ఆ మొనకు సాకెట్టు తగిలించి, మొండికెత్తిన నట్టుకు తొడిగి, కడ్డీ చివర పట్టుకొని లాగుదురు. ఆటోనగరమున దీనిని బ్రేకరు బారు అందురు. బిగిసిపోయిన నట్టును మొట్టమొదట కదల్చుటయే దీని పని. కదలిన పిమ్మట దీనితో నక్కర లేదు.

ఇంత చిన్న వస్తువునకు ఇంత పెద్ద సభయందు ఇంత కాలమేల యని మీలో కొందరికి తోచవచ్చును. కారణము చెప్పెదను. అది నాకు గౌరవము తెచ్చునది కాదు.

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్‌నగరము మొదలగు పేటలను ముంచివేసినది మీరందరు నెరుగుదురు. ఇండ్ల ముంగిట నిలిపిన ఆటోలు, మోటారు సైకిళ్లు, కార్లు దినముల తరబడి బురదనీట నానెను. నీరు తీసిన తరువాత మరమ్మతు పనివారికి రాత్రింబగళ్లు తీరిక లేకపోయెను. చక్రము విప్పబోయిన నట్టు కదలదు. ఇంజను దింపబోయిన బోల్టు కదలదు. బురద లోపలికి దిగి, ఎండి, తుప్పుతో కలిసి మరలను పట్టివేసెను. ఆ దినములలోనే మన సభవారు, పని నేర్చుకొనుచున్న మన పిల్లలకు పనిముట్ల పెట్టెలు దానమిచ్చుట యుక్తమని నిశ్చయించిరి. ఆలోచన మంచిది. ఆ పెట్టెలను కొనితెచ్చుటకు నియమింపబడిన ముగ్గురిలో నేనొకడను.

మేము ధర చూచితిమి, మెరుగు చూచితిమి. పెట్టె యెర్రగా నుండెను, లోపలి సామాను అద్దమువలె తళతళలాడుచుండెను. మంచిపెట్టె యొక్కదాని వెలకు ఇవి రెండు వచ్చుచున్నవని సంతసించి, దాతల ధనమును పొదుపుగా వ్యయించితిమని మమ్ము మేమే మెచ్చుకొంటిమి. నలుబదియేండ్లు పానా పట్టినవాడను, దుకాణమున ఆ కడ్డీని చేతిలోనికి తీసికొని తల యెటు లూగుచున్నదో యైనను పరీక్షింపలేదు.

కొన్ని వారములు గడచెను. కైకలూరు ప్రాంతమునుండి చేపలు తోలు లారీ యొకటి రహదారి ప్రక్కనున్న యొక షెడ్డునకు వచ్చెను. అట్టి లారీలకు మంచుగడ్డల నీరు ఉప్పుతో కలిసి నిత్యము చక్రములపై కారుచుండును గనుక వాని నట్లు తుప్పుముద్దలై యుండుట సహజము. పదునెనిమిదేండ్ల పిల్లవాడు, మనము దానమిచ్చిన పెట్టెలోని అరంగుళపు బారును తీసి, దానికి నాలుగడుగుల నీళ్లగొట్టము తొడిగి, తన బరువంతయు దానిపై వేసెను. చదరపు మొన మెలితిరిగి తెగిపోయెను. పిల్లవాడు ముందుకు కూలి చక్రపు అంచుపై పడెను. కుడిచేతి మణికట్టు విరిగెను, ముందరి పండ్లు రెండు పోయెను. వాని తండ్రి మమ్ము ఒక్క మాట అనలేదు. అనియుండిన నాకు కొంత మనశ్శాంతి కలిగియుండునేమో.

పిల్లవాడు పొరపాటు చేసినమాట నిజమే. కాని వానికి ఏ పనికి ఏ బారు తగునో చెప్పినవారెవరు? చెప్పవలసిన మేము చెప్పలేదు. చెప్పకపోవుటయే గాక, చెడ్డ కడ్డీని పూలదండతో కూడ చేతికిచ్చి ఛాయాపటము తీయించితిమి. కావున ఈ దినమున మీరు నా మాటలు వినవలసియున్నది.

ఇందలి సూత్రము మన పల్లెలలో ఏతామెత్తినవారందరు నెరిగినదే. మీటునకు పొడవు హెచ్చినకొలది బలము హెచ్చును. గ్రీసు దేశపు ఆర్కిమిడీసు దీనిని లెక్కగా వ్రాసెను. మన రైతు దూలముపై నడచి చూపెను. మనిషి యొకడు నిలకడగా నిలిచి 30 కిలోల బలముతో లాగుననుకొందము. అడుగు పొడవు పానాతో నట్టుపై పడు త్రిప్పుబలము 30 అడుగుకిలోలు. రెండడుగుల బారుతో 60. మూడడుగులతో 90. కారుచక్రపు నట్టును సాధారణముగా 35 నుండి 40 అడుగుకిలోల బలముతో బిగింతురు. తుప్పు పట్టి దానికి రెట్టింపు కోరినను, రెండడుగుల బారుపై 40 కిలోల లాగుడు చాలును. అందుచేత ఆటో, కారు పనివారికి అరంగుళపు మొన, రెండడుగుల పొడవు సరిపోవును.

లారీ సంగతి వేరు. పెద్దలారీ చక్రపు నట్టును బిగించుటకే సుమారు 200 అడుగుకిలోలు కావలయును. అది తుప్పుచే ఒకటిన్నర రెట్లు మొండియైనచో 300. మూడడుగుల బారుతో దానిని కదల్చుటకు 100 కిలోల బలము వలయును. అట్టి భీమసేనులు మన షెడ్లలో తరచుగా కానరారు. ఐదడుగుల కడ్డీయైనచో 60 కిలోలు చాలును. పిల్లవాడు గొట్టము తొడిగినది ఈ న్యాయముచేతనే. పొడవును గూర్చి వాడు సరిగానే తలచెను. కాని పొడవు పెంచినపుడు పెరిగిన బలమంతయు ఎచ్చటికి పోవును? ఆ అరంగుళపు చదరపు మొనలోనికే పోవును. పిడి ఎంతటిదైనను భారమును మోయునది మొనయే.

ఇచ్చట ఒక లెక్క మన పిల్లలకు తప్పక నేర్పవలయును. అరంగుళపు మొనకంటె ముప్పావంగుళపు మొన వెడల్పున ఒకటిన్నర రెట్లు మాత్రమే. కాని మెలికను సహించుటలో అది మూడురెట్లకు పైగా దృఢమైనది. ఏలయన ఈ శక్తి వెడల్పుతో గాక, వెడల్పును మూడుమారులు హెచ్చించిన ఫలముతో పెరుగును. ఒకటిన్నరను మూడుమారులు హెచ్చించి చూడుడు, మూడుంబావు దాటును. అంగుళపు మొన, అరంగుళపు దానికి ఎనిమిదిరెట్లు. కావున ముందుగా మొనను ఎన్నుకొనుడు, ఆ పిమ్మట పొడవును. మోటారు సైకిలు చిన్న పనులకు మూడెనిమిదవ వంతు అంగుళము, ఆటోకు కారుకు అర, ట్రాక్టరునకు చిన్నలారీకి ముప్పావు, పెద్దలారీ చక్రమునకు పూర్తి యంగుళము. అరంగుళపు మొనకు మూడడుగులు మించిన పిడి అమ్మజూపువాడు మీకు ప్రమాదమును అమ్మజూపుచున్నాడని గ్రహింపుడు. మొన పెద్దదైనపుడు సాకెట్టును దానికి సరిపడినదే యుండవలయును; నడుమ చిన్నది పెద్దది చేయు తునక పెట్టినచో అదియే ముందు తెగును.

ఇక ఉక్కును గూర్చి. ఈ విషయమున మన సభలో నేను మాట్లాడుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు వేయుటయే. మా తండ్రిగారు ఈ మంగళగిరిలోనే కొలిమి నడిపెడివారు. నేతపని వారి మగ్గములకు కొక్కెములు, రైతులకు కర్రులు, బండ్లకు ఇనుపపట్టాలు వారి పని. మిక్కిలి గట్టిపడిన యుక్కు గాజువలె పగులుననియు, మెత్తని యుక్కు బెల్లపుపాకమువలె సాగుననియు, ఈ రెంటి నడుమ పదును నిలుపుటయే విద్య యనియు వారు చెప్పెడివారు. ఎర్రగా కాల్చి ముంచిన యుక్కును మరల మెల్లగా వేడిచేయగా రంగులు దానిపై నడచివచ్చును. గడ్డిరంగు వచ్చినపుడు నిలిపిన ఉలికి ధార నిలుచును. నీలిరంగు వచ్చువరకు పోనిచ్చిన కమానునకు ఓర్పు వచ్చును. బ్రేకరు బారు ఉలివంటిది కాదు, కమానువంటిది. కొంచెము వంగి మరల తన స్థితికి రావలయును. మంచి బారు లాగునపుడు చేతిలో స్వల్పముగా వంగుచున్నట్లు తెలియును. ఆ వంపు మనకు హెచ్చరిక. చెడ్డ బారు హెచ్చరింపదు.

బజారులో దొరకు మంచివి క్రోమియము, వెనేడియము కలిపిన యుక్కుతో చేయబడును. కొన్నిటి తలలు, మొనలు క్రోమియము, మాలిబ్డినముల కలయికతో చేయుదురు. ఆ మాట కడ్డీపై ముద్రింపబడియుండును. కాని ముద్ర వేయుటకు ఉక్కు మంచిదై యుండనక్కర లేదని మాకు అనుభవమైనది. తయారుచేసినవాని పేరు, చిరునామా స్పష్టముగా నుండి, విరిగినచో మార్చియిత్తునని వ్రాసియిచ్చువాని సరకునే కొనుడు. పంజాబులోని జలంధరము, లూధియానా పట్టణములు చేతిపనిముట్లకు ప్రసిద్ధికెక్కినవి. అచ్చటి మంచి సరకు దూరదేశములకు పోవుచున్నది. మన దేశపు సరకు చెడ్డదన్నమాట నేను ఒప్పుకొనను. పేరు లేని సరకే చెడ్డది. మెరుగు పూత ఉక్కును తుప్పునుండి కాచును గాని బలమీయదు. పూత పొరలుగా లేచిన కడ్డీ అరచేతిని కత్తివలె కోయును.

దుకాణమున చూడవలసినది ముఖ్యముగా తల. కడ్డీ చివర రెండు చెవులు, వాని నడుమ మొనగల తల, ఆరుపారుగా ఒక చీల. ఎక్కువగా అరుగునది, చెడునది అచ్చటనే. కడ్డీని ఒక చేత పట్టి తలను ప్రక్కలకు కదల్చి చూడుడు. ముందునకు వెనుకకు తిరుగవలసినదే గాని ప్రక్కలకు గలగలలాడరాదు. తలను ఏ కోణమున నిలిపిన అచ్చట నిలుచుటకు తగిన బిగువుండవలయును. చెవుల గోడలు దళసరిగా నుండవలయును. చీలను తీసి వేయుటకు వీలున్నచో మరియు మంచిది. తల పాడైనపుడు తలనొక్కదానినే మార్చుకొనవచ్చును. మొన ప్రక్కనున్న చిన్నగుండును వ్రేలితో నొక్కిన లోపలికి పోయి వెంటనే పైకి రావలయును. లేనిచో సాకెట్టు జారి కాలిపై పడును. కడ్డీని కంటి ముందు పెట్టి ఒక కన్ను మూసి చూచిన వంకర తెలియును. పిడికి రబ్బరు తొడుగున్నవి చేతికి సుఖముగా నుండును గాని, మన షెడ్లలో నూనె తగిలి కొన్నాళ్లకు ఆ రబ్బరు ఉబ్బి జారును. గరుకు గీతలు పెట్టిన యుక్కుపిడియే నాకిష్టము. ఇది అభిరుచి భేదము, వాదింపను.

సాకెట్టు సంగతి మరువరాదు. ఆరు మూలలది, పండ్రెండు మూలలది యని రెండు తెగలు. పండ్రెండు మూలలది తొడుగుటకు సులువు. కాని మొండి నట్టుపై దాని పట్టు మూలలయందే యుండును గనుక నట్టు అంచులు గుండ్రముగా అరిగిపోవును. అటుపై బ్రహ్మదేవుడు వచ్చినను ఉలి, సుత్తి తప్ప గతి లేదు. బ్రేకరు బారునకు ఆరు మూలల సాకెట్టే తగును.

మన డెల్టాలోని పాత వరిమిల్లులలో, పాత ఆయిలు ఇంజనులలో మరియొక చిక్కు కలదు. వానిలో పెక్కింటి బోల్టులు ఇంగ్లండు దేశపు విట్‌వర్త్ అను యంత్రనిపుణుడు 1841లో ప్రతిపాదించిన మరల పద్ధతికి చెందినవి. ఆ పద్ధతిలో పానాపై వ్రాసిన అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు లావు. అర యని వ్రాసిన విట్‌వర్త్ పానా నోరు అరంగుళము కాదు, అంగుళమునకు కొంచెమే తక్కువ. ఇది యెరుగని పిల్లవాడు మిల్లిమీటర్ల సాకెట్టులలో దగ్గరగా నున్నదానిని తొడిగి, రెండడుగుల బారు వేసి లాగును. నట్టు పోవును, యజమాని తిట్టును. కొలత సరిపోనిచోట పొడవైన పిడి శత్రువగును.

బారు చేతికి తీసికొనుటకు ముందు చేయవలసినది చాల కలదు. ఇనుము తుప్పైనపుడు ఉబ్బి తానున్న చోటికంటె ఎక్కువ చోటు కోరును. మరల సందులన్నియు అందుచేతనే బిగిసిపోవును. ముందు తీగబ్రష్షుతో బయటి మరలను శుభ్రముచేసి, తుప్పు విడదీయు నూనె పోసి, వీలైన రాత్రియంతయు నిలిపియుంచవలయును. మన కొండమీది పానకాలస్వామి సమర్పించిన పానకములో సగమే గ్రహించి సగము భక్తునకు విడుచునని పెద్దలు చెప్పుదురు. తుప్పునట్టు అంతకన్న మితాహారి. పోసినదానిలో చారెడైన త్రాగక క్రిందికి విడుచును. కావున కొంచెము కొంచెముగా పలుమార్లు పోయవలయును. నట్టు తలపై చిన్నసుత్తితో నాలుగు దెబ్బలు కొట్టిన తుప్పు చిట్లి నూనె లోపలికి దిగును.

దానికిని లొంగనిచో వేడి. బండిచక్రమునకు పట్టా తొడుగుట చూచినవారికి ఇది చెప్పనక్కర లేదు. పట్టాను కాల్చిన విచ్చును, కొయ్యపై వేసి నీరు పోసిన ముడుచుకొని బిగియును. నట్టును కాల్చినను అట్లే విచ్చి బోల్టును వదలును. బోల్టును కాక నట్టును కాల్చవలయునన్నదే కిటుకు. కాని గాలి నింపిన టైరు తగిలించియున్న చక్రముపై మంట పెట్టరాదు. టైరు లోపలి గాలి వేడెక్కి పేలినచో ప్రాణములు పోవును. పెట్రోలు తొట్టికి, బ్రేకు నూనె గొట్టములకు సమీపమున మంట కూడదు. మరియు కాల్చిన బోల్టు పదును పోవును గనుక దానిని మరల వాడరాదు, క్రొత్తది వేయవలయును.

అటుపై బారు. ఏ దిక్కునకు విప్పవలయునో ముందు నిశ్చయించుకొనుడు. సైకిలు ఎడమ పెడలునకు ఎడమమర యుండునని పిల్లలందరకు తెలియును. కొన్ని పాతలారీల ఎడమ చక్రములకును అట్లే యుండెడివి. దిక్కు తప్పినచో విప్పుచున్నానను భ్రమతో బిగించుచుందుము. మొదట రవ్వంత బిగించునట్లు లాగి, ఆ పిమ్మట విప్పునట్లు లాగినచో తుప్పు పట్టు చిట్లును. తలను కడ్డీకి నిలువుగా, సాకెట్టు నట్టుకు సూటిగా నుండునట్లు చూచి, ఒక చేతితో తలవద్ద అదిమిపట్టి, రెండవచేతితో చివర లాగుడు. లాగుటయే గాని త్రోయుట కాదు. లాగువాడు నట్టు విడిచినపుడు వెనుకకు తూలి నిలద్రొక్కుకొనును. త్రోయువాడు ముఖముతో యినుముమీద పడును. త్రోయక తప్పని యిరుకుచోట వ్రేళ్లు ముడువక అరచేతితో త్రోయవలయును. గుంజి గుంజి లాగరాదు, నిలకడగా బలము పెంచుచు పోవలయును. పెద్దలారీ నట్టు వదలునపుడు తుపాకి పేలినట్లు చప్పుడగును. క్రొత్తవాడు దానికి జంకి విడుచును. కడ్డీపై ఎక్కి గంతులు వేయుట, సమ్మెటతో కొట్టుట ఈ పనిముట్టునకు తగవు. గొట్టము తొడుగుట యెట్లు ముగిసెనో చెప్పియేయున్నాను.

నట్టు కదలినతోడనే బారును ప్రక్కన పెట్టి మామూలు పానాతోనో, రాట్చెట్టుతోనో పని ముగింపవలయును. రాట్చెట్టు లోపలి పండ్లు చిన్నవి. దానితో మొండినట్టును విప్పబోయిన అవి విరుగును. బలము కొలుచు టార్కు పానాతో విప్పరాదు, దాని కొలత చెడును. బారుతో బిగింపనురాదు, దాని పొడవుచేత ఎంత బలము పెట్టుచున్నామో చేతికి తెలియక బోల్టు సాగిపోవును. గాలిగన్ను ఉన్న షెడ్లలో ఇదంతయు నేలయని కొందరడుగుదురు. కరెంటు పోయినపుడు, రహదారిపై అర్ధరాత్రి చక్రము పగిలినపుడు గన్ను ఎచ్చట నుండును? పైగా గన్నుతో అతిగా బిగించిన నట్లను విప్పుటకే ఈ మధ్య బారు అవసరము ఎక్కువైనది.

ఇక మహారాజపోషకులకు నా విన్నపము. ఈ సంవత్సరమును పెట్టెలు కొనుటకు మీరు ధనము దయచేసియున్నారు. గత పర్యాయము సంఖ్య పెద్దదిగా కనబడవలెనని తలచితిమి. ఈ పర్యాయము పెట్టెల సంఖ్య సగమైనను సరే, ప్రతిపిల్లవానికి వాడు చేయు పనికి తగిన బారు, దానికి తగిన ఆరుమూలల సాకెట్టులు ఇప్పింపుడు. లారీ షెడ్డులో పనిచేయు వానికి ముప్పావంగుళమునకు తక్కువైన దానిని ఇయ్యవలదు. పూర్తి యంగుళపు పెద్దబారును షెడ్డుకొకటి చొప్పున ఉమ్మడిగా ఇచ్చిన చాలును. ఇచ్చుటకు ముందు ఒక పూట వారిని కూర్చుండబెట్టి, ఒక తుప్పునట్టును ముందుంచి, విప్పించి చూపవలయును. ఆ పనికి నేను ఒప్పుకొనుచున్నాను, కూలి అక్కరలేదు. మిగిలిన పాతపెట్టెలలోని బారులను వెనుకకు తెప్పింపుడని కూడ కార్యదర్శిగారిని కోరితిని. ఇప్పటికి పదునొకండు చేరినవి.

ఆ పిల్లవాని మణికట్టు అతికినది గాని పూర్వమువలె తిరుగదు. వాడిప్పుడు అదే షెడ్డులో విద్యుత్తు తీగెల పని నేర్చుకొనుచున్నాడు. తెగిపోయిన ఆ బారును, మొనముక్కను వాడే నాకు తెచ్చియిచ్చెను. రెంటిని ద్వారముకడ బల్లపై ఉంచితిని. వాని ప్రక్కనే మంచిబారు నొకదానిని, వరిమిల్లునుండి తెచ్చిన తుప్పునట్టు నొకదానిని పట్టుడులో బిగించియుంచితిని. భోజనవిరామమున యువకులు వచ్చి లాగి చూడవచ్చును. చెప్పులు విడిచి రావలదు, ఆ బల్ల బరువైనది.